భోజనం పెట్టని విమానంలో పథ్యం – 4వ పాఠం: తనిఖీ దాటని డబ్బాలు

ఈసారి నీళ్ళ పాఠం చెప్పాలి. చెప్పడం లేదు. మీ ప్రయాణానికి ఎన్ని గంటల తిండి కావాలో లెక్కేసి, ఏమేం సర్దుతారో రాయమని మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేసి మీరు పంపిన జాబితాలు చదివాక కొత్త పాఠం ఎత్తుకోవడానికి మనసొప్పలేదు. సగం మంది గంటల లెక్క తప్పారు. లెక్క సరిగ్గా వేసినవాళ్ళలో కొందరి డబ్బాలు భద్రతా తనిఖీ దగ్గరే చెత్తబుట్ట పాలయ్యాయి. కాబట్టి ఈ వారమంతా మరమ్మతు పనే.

ముందు గంటల సంగతి. 9 గంటల ప్రయాణానికి 9 గంటల తిండి సర్దుకున్నామని చాలామంది రాశారు. 9 గంటలు విమానం గాల్లో ఉండే సమయం. మీరు లెక్కపెట్టాల్సింది ఇంట్లో తిన్న చివరి ముద్ద నుంచి, దిగిన చోట మీ పథ్యానికి సరిపడే మొదటి ముద్ద దాకా. ఇల్లు వదిలి విమానాశ్రయం చేరడానికి 1 గంట, బయలుదేరడానికి ముందు అక్కడ గడిపే 3 గంటలు, దిగాక పాస్‌పోర్టు వరుస, లగేజీ, బస చేరడం కలిపి మరో 2 గంటలు. మొత్తం 15. ఆలస్యం కింద దానికి మూడో వంతు కలపమన్నాను. 20 అయింది. పథ్యం లేనివాళ్ళు విమానం ఆలస్యమైతే కనిపించిన దుకాణంలో ఏదో ఒకటి కొనుక్కుని తింటారు. గ్లూటెన్ పడనివాళ్ళకు, వేరుశనగ తగిలితే గొంతు వాచేవాళ్ళకు ఆ ‘ఏదో ఒకటి’ ఉండదు. ఆ మూడో వంతు అందుకే. దీన్ని ఇక మళ్ళీ చెప్పను. ఏ మూత గట్టిగా బిగించాలి, దేన్ని కాగితంలో చుట్టాలి వంటివి అసలే చెప్పను. అవి మీకు తెలుసు.

అసలు చిరాకు తనిఖీ గురించి. పెరుగును చెంచాతో తింటాం, తాగం కదా, అది ద్రవమెలా అవుతుందని ఒకరు అక్కడి అధికారితో వాదించారట. వాదన బాగుంది. పెరుగు మాత్రం పోయింది. 2006లో సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు తీసుకెళ్ళి విమానాలను కూల్చాలన్న కుట్ర బయటపడ్డాక ఈ నియమం వచ్చింది. చేతి సంచిలో ద్రవాలు, ముద్దలు, జెల్లీల వంటివి 100 మిల్లీలీటర్లకు మించని డబ్బాల్లోనే ఉండాలి. ఆ డబ్బాలన్నీ కలిపి 1 లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో పట్టాలి. ఒలికేదైనా, పూయగలిగేదైనా, పిండితే బయటికొచ్చేదైనా ద్రవం కిందికే వస్తుంది. పెరుగు, తేనె, జామ్, వేరుశనగ ముద్ద, బాదం ముద్ద, మెత్తటి చీజ్, సూపు అన్నీ ఆ జాతే. గట్టి చీజ్ కాదు. రొట్టె, ఉడికించిన గుడ్డు, ఆపిల్ కావు.

ఇంతవరకు చాలామందికి అర్థమైంది. అర్థం కానిది ఇది: వాళ్ళు చూసేది డబ్బా ఎంత పడుతుందన్నది, లోపల ఎంత ఉందన్నది కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున 50 మిల్లీలీటర్ల తేనె మిగిలి ఉంటే అది 200 మిల్లీలీటర్ల సీసాయే. “సగమే ఉందండీ” అంటే కుదరదు. ముప్పాతిక ఖాళీ అయిన బాదం ముద్ద సీసా కూడా కుదరదు. 150 గ్రాములని రాసి ఉన్న పెరుగు కప్పు, మీరు అందులోంచి రెండు చెంచాలు తినేసి మూత పెట్టినా, 150 గ్రాముల కప్పే. అదే తేనెను 80 మిల్లీలీటర్ల చిన్న సీసాలోకి వంపుకుంటే వెళ్తుంది. 100 చొప్పున రెండు సీసాలైనా వెళ్తాయి, ఆ లీటరు సంచిలో చోటుంటే. టూత్‌పేస్టు, షాంపూ, ముఖానికి రాసుకునే క్రీము కూడా అదే సంచిలో పట్టాలని మరిచిపోతారు. మనిషికి ఒక్కటే సంచి. తిండికీ అలంకారానికీ మధ్య తేల్చుకోండి. నేనైతే షాంపూ వదిలేస్తాను.

నా అడ్డదారి ఒకటుంది. ముద్దను సీసాలో మోయకండి, ఇంట్లోనే రొట్టెకు పూసుకుని రెండో ముక్క మూతేయండి. రొట్టె మధ్య చేరిన బాదం ముద్దను ఎవరూ ద్రవమనరు. లేదా ముద్ద మానేసి గింజలే తీసుకెళ్ళండి. పెరుగు బదులు గట్టి చీజ్ ముక్కలు. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగనివాళ్ళలో చాలామందికి బాగా ముదిరిన గట్టి చీజ్ పడుతుంది, ఎందుకంటే అందులో లాక్టోజ్ చాలా తక్కువ. పాలు అలర్జీ అయినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఏ చీజ్ జోలికీ పోకూడదు.

వైద్య అవసరానికి మినహాయింపు ఉందని కొందరు గుర్తు చేశారు. ఉంది. ప్రత్యేక పథ్యానికి తప్పనిసరైన ద్రవాహారాన్ని ప్రయాణానికి సరిపడేంత 100 మిల్లీలీటర్లకు మించి కూడా చాలా దేశాల్లో అనుమతిస్తారు. అయితే పెట్టెలోంచి విడిగా తీసి, యంత్రంలో పెట్టకముందే నోటితో చెప్పాలి. డాక్టరు ఉత్తరం చేతిలో ఉండాలి. చివరి మాట తనిఖీ అధికారిదే. ప్రోటీన్‌లోని కొన్ని భాగాలను శరీరం విడగొట్టలేని జన్యుపరమైన లోపం ఉన్నవాళ్ళు తాగే ప్రత్యేక మిశ్రమం, మింగడం కష్టమైనవాళ్ళ చిక్కటి పానీయం వంటి వాటికి ఈ మినహాయింపు వాడుకోండి. పెరుగు కోసం దీన్ని వాడకండి. డాక్టరు ఉత్తరం చూపించి మామూలు పెరుగును దాటించాలనుకునే వాళ్ళ వల్లే నిజంగా అవసరమున్నవాళ్ళను అనుమానంగా చూస్తారు.

ఇంకో సంగతి. కొన్ని విమానాశ్రయాల్లో కొత్త స్కానర్లు వచ్చాక 100 మిల్లీలీటర్ల హద్దు సడలించారు. బయలుదేరిన చోట దాటిందని మురిసిన ఒకరికి, మధ్యలో విమానం మారిన చోట రెండోసారి తనిఖీ ఎదురైంది. అక్కడ పాత నియమమే. దారిలో ఉన్న విమానాశ్రయాలన్నిటిలోకీ ఏది కఠినమైతే దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

మంచు పొట్లాలకూ ఇదే గతి. అమెరికాలో అవి తనిఖీ సమయానికి రాయిలా గడ్డకట్టి ఉండాలి. కరిగి నీరు కనిపిస్తే ద్రవాల నియమం వర్తిస్తుంది, మందుల చల్లదనం కోసమైతే తప్ప. రెండో తనిఖీ నాటికి గడ్డ ఎక్కడుంటుంది? నాకు మంచు పొట్లాలంటే మొదటి నుంచీ పడదు. చల్లదనం అడగని తిండినే ఎంచుకోండి. వండిన ఆహారం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య 2 గంటలకు మించి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంతో మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా నిలవ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాంతులు మొదలైతే మరుగుదొడ్డి ముందు వరుసలో నిలబడాల్సింది మీరే. కాబట్టి డబ్బాలో అన్నం ఉంటే దాన్ని ఇల్లు వదిలిన రెండు గంటల్లోపే ముగించండి, మిగతాదంతా పొడిగా ఉండనివ్వండి.

వేడినీళ్ళు పోసుకుని తినే పొడి ఆహారం మీద ఆధారపడ్డవాళ్ళు ఇద్దరున్నారు. భోజనం పెట్టని విమానంలో వేడినీళ్ళు ఇస్తారన్న హామీ లేదు. కాలుతుందన్న భయంతో మీ ఫ్లాస్కులో పోయడానికి సిబ్బంది ఒప్పుకోకపోవచ్చు. పైగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నంత తక్కువ. అక్కడ నీళ్ళు దాదాపు 92 డిగ్రీలకే మరగవచ్చు. గట్టి గింజలు నానవు. ఆ తక్కువ ఒత్తిడికే పొట్టలో గాలి కూడా దాదాపు మూడో వంతు దాకా ఉబ్బుతుంది. అందుకే శనగలు, చిక్కుళ్ళు, గ్యాస్ నిండిన పానీయాలు మీ జాబితాల్లోంచి కొట్టేశాను.

ఇక జబ్బుల వారీగా కొన్ని దిద్దుబాట్లు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ఎండుద్రాక్ష, ఎండు అప్రికాట్లు, గింజలు రాశారు. ప్రయాణాల్లో అవి మంచివని అందరూ చెప్తారు, మీకు కాదు. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని మీ మూత్రపిండాలు సరిగ్గా బయటికి పంపలేవు. 100 గ్రాముల తాజా ద్రాక్షలో దాదాపు 190 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే, అంతే బరువున్న ఎండుద్రాక్షలో దాదాపు 750 ఉంటుంది. నీళ్ళు పోయి పండు చిన్నదైంది గానీ పొటాషియం ఎక్కడికీ పోలేదు. తాజా ఆపిల్, తాజా ద్రాక్ష తీసుకోండి. పొట్లం మీద ఉప్పు ఎంతో చదవండి.

గ్లూటెన్ పడనివాళ్ళ జాబితాలు చక్కగా ఉన్నాయి. ఓట్స్ ఒక్కటే చూసుకోండి. గ్లూటెన్ లేనివని పొట్లం మీద స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి.

వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్ళు గాలిలో వచ్చే వాసనకు భయపడుతున్నారు. అంతకంటే మీ ముందు ట్రే, చేతి ఆనుడు, సీటు బెల్టు కొక్కెం మీద అంటిన ముద్దకు భయపడండి. కూర్చోగానే తడి రుమాలుతో తుడవండి. అలర్జీ ముదిరితే వెంటనే వేసుకునే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లు రెండు, మీ ఒంటి మీదే ఉండాలి.

మధుమేహం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది డబ్బాను తల పైన అరలో పెడతామన్నారు. అక్కడ పెట్టకండి. కుదుపులకు సీటు బెల్టు దీపం వెలిగితే మీరు లేవలేరు. అప్పటికే భోజనం ముందు ఇన్సులిన్ తీసుకుని ఉంటే? తిండి చేతికొచ్చాకే ఇన్సులిన్ వేసుకోవాలి. డబ్బా ముందు సీటు కింద, గ్లూకోజ్ బిళ్ళలు జేబులో. చక్కెర పడిపోతే 15 గ్రాముల పిండిపదార్థం తిని, 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించుకోవాలి. సాధారణంగా ఒక్కో గ్లూకోజ్ బిళ్ళలో 4 గ్రాములుంటాయి కాబట్టి నాలుగు బిళ్ళలు. ఇవి ద్రవం కావు, ఏ తనిఖీలోనూ ఎవరూ ఆపరు. పండ్లరసం పొట్లం కోసం పోరాడినవాళ్ళు దీన్ని గమనించండి. ఇన్సులిన్‌ను మాత్రం ఎప్పుడూ విమానం అడుగున సామాను గదిలోకి వెళ్ళే పెట్టెలో పెట్టవద్దు. అక్కడ అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

దిగేముందు మిగిలిన పండ్లు, మాంసం, పాల పదార్థాలు ఏమైనా ఉంటే తినేయండి, లేదా విమానంలోనే వదిలేయండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో మరిచిపోయిన ఒక్క ఆపిల్ జరిమానా దాకా తెస్తుంది. సంచిలో ఏ తిండి ఉన్నా ప్రకటన పత్రంలో ‘ఉంది’ అని గుర్తు పెట్టండి.

అభ్యాసం. ఈసారి జాబితా రాసి పంపితే సరిపోదు. ఒక సెలవు రోజు మీ గంటల లెక్క ప్రకారం డబ్బా సర్దండి. ప్రయాణంలో గాల్లో ఉండే గంటలెన్నో అన్ని గంటలు ఒకే కుర్చీలో కూర్చోండి. నడక కోసం లేవవచ్చు, వంటింట్లోకి మాత్రం వెళ్ళకూడదు. ఫ్రిజ్ లేదు, పొయ్యి లేదు. మధ్యలో ఎప్పుడైనా 40 నిమిషాలు డబ్బాను అందని చోట పెట్టమని ఇంట్లో ఒకరికి చెప్పండి, ఎప్పుడన్నది ముందుగా మీకు చెప్పకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడండి. మందు మోతాదు మార్చకండి, మీటరు పక్కన పెట్టుకోండి, బిళ్ళలు మాత్రం జేబులోనే ఉంచుకోండి, చక్కెర పడిపోతే అభ్యాసం అక్కడితో ఆపేయండి. తర్వాత ఏ గంటకు ఏం తిన్నారో, ఏది వాసన పట్టిందో, ఏది మిగిలిందో, ఎప్పుడు ఆకలి తట్టుకోలేకపోయారో రాసి పంపండి. ‘బాగానే జరిగింది’ అని మాత్రమే రాసిన కాగితాలు చదవను.