అలసందల కూర మీద మొక్కజొన్న రొట్టె: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో జనవరి 1న అలసందలు తినడం ఆనవాయితీ. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించిన మనుషులతో పాటు ఆ నేలకు చేరిన గింజ అది, మన బొబ్బర్లే. ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటా, పొగబెట్టిన పంది మాంసంతో పోత ఇనుప మూకుడులో కూర వండి, పైన మొక్కజొన్న పిండి జారుగా కలిపి పోసి, మూకుడును అలాగే ఓవెన్‌లో పెడతారు. మాంసం తినని వారు పొగ వాసన ఉన్న మిరప పొడి వేసుకోవచ్చు. అడుగున తడి వంట, పైన పొడి వంట. చిక్కులు చాలావరకు ఆ రెండూ కలిసే చోటే వస్తాయి.

పైన బంగారు రంగు, లోపల పచ్చి పిండి

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. నేను మొదటిసారి చేసినప్పుడు రొట్టె పైకి ఎంతో అందంగా కనిపించింది. చెంచాతో ఎత్తి చూస్తే కూరను ఆనుకున్న వైపు జిగటగా, పచ్చి వాసనతో ఒక పొర. కారణం, చల్లారిన కూర మీద పిండి పోయడం. పై భాగాన్ని ఓవెన్ కాలుస్తుంది, కింది భాగాన్ని మాత్రం కూర వేడే ఉడికించాలి. చల్లటి కూర వేడెక్కేలోపు పైభాగం మాడడం మొదలవుతుంది.

అందుకే ఓవెన్‌ను ముందే 220 డిగ్రీల సెల్సియస్‌కు (425 ఫారెన్‌హీట్) వేడిచేసి, కూర పొయ్యి మీద కుతకుతమంటుండగానే పిండి పోసి, వెంటనే లోపల పెట్టాలి. పిండి 2 సెంటీమీటర్ల మందం దాటకూడదు. 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. పుల్ల గుచ్చి చూసేటప్పుడు రొట్టె వరకే గుచ్చండి. గింజల దాకా దిగితే కాలిన రొట్టె కూడా తడిగానే అనిపిస్తుంది. ఇప్పటికే పచ్చిగా మిగిలితే, పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పి, వేడి 190కి తగ్గించి మరో పది నిమిషాలు ఉంచండి.

పిండి కూరలో మునిగిపోయింది

కూరలో నీరు ఎక్కువై ఉండాలి, లేదా పిండి పలుచనై ఉండాలి. గింజల తలలు రసం పైకి కనిపించాలి. లేకపోతే ఒక గరిటెడు గింజలు మెదిపి కలిపితే కూర చిక్కబడుతుంది. పిండి విషయంలో మన వాళ్లు ఒకచోట పొరబడతారు. అక్కడి వంటల్లో చెప్పే బటర్‌మిల్క్ చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం తాగే మజ్జిగ పోస్తే పిండి నీళ్లలా జారుతుంది. పుల్లటి పెరుగును కొద్ది నీళ్లతో చిలికి వాడండి.

రొట్టె రబ్బరులా సాగుతోంది

మన దేశంలో కార్న్ ఫ్లోర్ పేరుతో దొరికే తెల్లటి మెత్తని పొడి మొక్కజొన్న గంజిపిండి. సూపు చిక్కబడడానికి పనికొస్తుంది, రొట్టెకు పనికిరాదు. వేళ్ల మధ్య గరుకుగా తగిలే మొక్కజొన్న పిండి కావాలి.

పొడిపొడిగా రాలుతోంది

మొక్కజొన్నలో గ్లూటెన్ ఉండదు కాబట్టి పట్టు తక్కువ. పిండిని పెరుగులో పది నిమిషాలు నాననిచ్చి, ఆ తర్వాతే గుడ్డు, కరిగించిన వెన్న, చివరగా వంట సోడా కలపండి. పుల్లదనం తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది, కాబట్టి కలిపిన తర్వాత ఆలస్యం వద్దు. కప్పు పిండికి అర చెంచా సోడా చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. చక్కెర వేయకండి. పాతకాలపు దక్షిణాది రొట్టె తీపిగా ఉండదు, కూరకు ఉప్పదనమే నప్పుతుంది.

గింజలు ఉడకడం లేదు

టమాటా ముందే వేశారా? పులుపు గింజను మెత్తబడనివ్వదు. గింజ వేళ్ల మధ్య నలిగాకే టమాటా వేయాలి. మరీ పాతబడిన గింజలైతే ఎంత ఉడికించినా గట్టిగానే ఉండవచ్చు. కుక్కర్‌లో ఎక్కువ కూతలు రానిస్తే మాత్రం ముద్దవుతాయి. నానబెట్టిన వాటిని మూత పెట్టి సన్నటి మంట మీద ఉడికించడమే నాకు నమ్మకమైన పద్ధతి.

కూర నల్లబడి, ఇనుము రుచి వచ్చింది

టమాటా పులుపు ఇనుప మూకుడులో గంటల తరబడి నిలిచిందన్న మాట. మిగిలినదాన్ని అదే పూట గాజు గిన్నెలోకి మార్చేయండి. మూకుడును కడిగి, మంట మీద ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి. మర్నాడు గాజు గిన్నెలోది ఓవెన్‌లోనే వేడిచేస్తే రొట్టె పైపొర మళ్లీ కరకరలాడుతుంది.