మే నెలలో కోనసీమలో మామిడి తాండ్ర ఎండబెట్టడం ఎలా?

తాండ్ర పాడైందని చెప్పేవాళ్లంతా పండును తిడతారు, లేదంటే బెల్లాన్ని. కోనసీమకు రెండు పక్కలా గోదావరి పాయలు, మూడో పక్క సముద్రం. మే నెలలో ఇక్కడ ఎండకు కొదవేమీ లేదు, మామూలు రోజునే 37, 38 డిగ్రీలు ఉంటుంది. కరువల్లా పొడిగాలికే. ఎండను చూసి తాండ్ర పెట్టకండి, గాలిని చూసి పెట్టండి.

సామాన్లు ఎంతో అక్కర్లేదు. తాటాకు చాప, నులక మంచం, జల్లెడ, పల్చటి నూలు బట్ట. చాపను మంచం మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమల గొడవ ఉండదు. స్టీలు పళ్లెంలో పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అడుగు ఆరే దారేది?

పీచున్న రసాలు గానీ కలెక్టర్ మామిడి గానీ తీసుకోండి. బంగినపల్లి కోసుకు తినండి. రసం జల్లెడ పట్టి, కిలోకి పావుకిలో బెల్లం తురుము కలపండి. పంచదారతో రంగు బాగా వస్తుంది. నాకు ఆ రుచి నచ్చదు కాబట్టి మీరూ వెయ్యకండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చాలామంది అప్పటిదాకా ఆగుతారు. రోహిణి వచ్చేది మే 25 ప్రాంతంలో. తాండ్రకు పది రోజులైనా కావాలి, ఈలోగా జూన్ వచ్చేస్తుంది, వెనకే నైరుతి. అందుకే మే 11 ప్రాంతంలో కృత్తిక ప్రవేశించగానే మొదలుపెట్టాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే మాత్రం ఆ వారం వదిలెయ్యండి. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20నే.

ఇక పొర వెయ్యడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

పొద్దున్నే వెయ్యకూడదు, రాత్రి చెమ్మ ఇంకా పోయి ఉండదు. ఓ సాసర్‌లో చిటికెడు కల్లుప్పు డాబా మీద పెట్టండి. తొమ్మిదింటికి ముట్టుకుంటే వేళ్లకు తడి తగిలిందా, ఆగండి. పొడిగా గలగలలాడితే కొబ్బరి మట్టలు చూడండి. ఆకులు తూర్పుకి ఊగుతున్నాయంటే పడమటి గాలి. అప్పుడు పల్చగా, దోసె మందానికి మించకుండా పొయ్యండి.

ఎండెక్కేకొద్దీ నేల సముద్రం కన్నా త్వరగా కాగుతుంది. వేడిగాలి పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది తడిగాలి వస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ముందే తగులుతుంది, రావులపాలెం చేరేసరికి ఆలస్యమవుతుంది. మనకు ప్రాణం లేచొస్తుంది గానీ, తాండ్ర ఆరడం అక్కడితో మందగిస్తుంది. ఆ గాలి రాని రోజు వడగాడ్పు, 43 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. మనుషులు ఇంట్లో ఉండాల్సిన రోజు, తాండ్ర బయట ఉండాల్సిన రోజు. సెల్‌ఫోన్‌లో డిగ్రీలు చూసి మురిసిపోయేవాళ్లకు ఈ తేడా ఎంత చెప్పినా ఎక్కదు.

మర్నాడు రెండో పొర వేసే ముందు మధ్యలో వేలి వెనకభాగంతో నొక్కి చూడండి. అంచులు ఎప్పుడూ ముందే ఆరతాయి, వాటిని నమ్మకండి. కాస్త అంటుకున్నా ఆ రోజు పొర లేదు. ఓ ఏడాది నేను చుట్టాలొస్తున్నారన్న టెన్షన్‌లో రోజుకు రెండేసి పొరలు వేశాను. పైకి అద్దంలా మెరిసింది. కోస్తే నాలుగో పొర దగ్గర తెల్లగా బూజు, పులిసిన కల్లు వాసన. అంతా గేదె కుడితిలోకి పోయింది.

సాయంత్రం నాలుగింటికి వాయవ్యం వైపు ఓ కన్ను వెయ్యండి. పాపికొండల దిక్కున మబ్బు నల్లబడి, ఆడుతున్న గాలి ఒక్కసారి ఆగిపోతే గాలిదుమారం వస్తున్నట్టే. బట్ట కప్పుతూ కూర్చోకుండా చాపతో సహా లోపలికి లాగెయ్యండి. మబ్బు లేకపోయినా పొద్దు వాలేలోపు లోపల పెట్టాల్సిందే.

కావలసినంత మందం వచ్చాక రెండు రోజులు ఊరికే ఎండనిచ్చి, కత్తికి నెయ్యి రాసి కొయ్యండి. ముక్కలు చిన్న చిన్న డబ్బాల్లో సర్దండి. ఒకే పెద్ద డబ్బాలో పెట్టి, ఆషాఢం ముసురులో పిల్లలు అడిగినప్పుడల్లా మూత తీస్తే మళ్లీ చెమ్మే.