అడ్మిషన్ సాఫ్ట్‌వేర్‌లో కుటుంబాల స్కోరు తప్పుతోందా? ఇక్కడ వెతకండి

స్కూల్లో సీటు కోసం ఎంక్వైరీ చేసిన కుటుంబం ఏమేం చేసిందో చూసి సాఫ్ట్‌వేర్ ఇచ్చే పాయింట్ల మొత్తమే స్కోరు. ఆ కుటుంబాల్లో ఈ రోజు ముందు ఎవరితో మాట్లాడాలో చెప్పడమే దాని పని. సీటు ఎవరికివ్వాలో తేల్చడం దాని పని కాదు.

సమస్య: స్కోరు 90 దాటినవాళ్లకు ఫోన్ చేస్తే "ఏ స్కూలు?" అని అడుగుతున్నారు

కారణం: ముందు ఈమెయిల్ ఓపెన్‌లకు, అంటే మీరు పంపిన మెయిల్ తెరిచినందుకు, ఎన్ని పాయింట్లు ఇస్తున్నారో చూడండి. 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో యాపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే, మెయిల్‌లోని బొమ్మలు వాటంతటవే లోడ్ అవుతాయి. బొమ్మ లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టే లెక్క కాబట్టి, తల్లిదండ్రులు చదవకపోయినా సాఫ్ట్‌వేర్ "ఓపెన్" అని రాసుకుంటుంది. క్లిక్‌లనూ పూర్తిగా నమ్మలేం. కొన్ని ఆఫీసుల సెక్యూరిటీ స్కానర్లు మెయిల్ రాగానే లింకులన్నీ తెరిచి చూస్తాయి.

పరిష్కారం: ఓపెన్‌కి సున్నా పెట్టండి. మెయిల్ వెళ్లిన కొన్ని సెకన్లలోనే లింకులన్నీ క్లిక్ అయితే వాటిని లెక్కలోంచి తీసేయండి. రిప్లై ఇవ్వడం, స్కూలు చూడటానికి రావడం, అప్లికేషన్ మొదలుపెట్టడం లాంటి శ్రమ ఉన్న పనులకే పెద్ద పాయింట్లు ఇవ్వండి.

సమస్య: గట్టి ఆసక్తి ఉన్న కుటుంబం లిస్టులో అడుగున ఉంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఒక తల్లి మూడుసార్లు ఫోన్ చేసి బస్సు ఏ దారిలో వస్తుందో, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా అని అడిగి ఉంటుంది. రిసెప్షన్‌లో ఆ వివరాలు నోట్‌బుక్‌లో రాసుకుని ఊరుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆమె స్కోరు 5. వెబ్‌సైట్ వాడనివాళ్లందరికీ ఇదే అన్యాయం జరుగుతుంది.

పరిష్కారం: ఫోన్, వాట్సాప్, నేరుగా రావడం, ఈ మూడింటికీ అర నిమిషంలో నింపగలిగే ఎంట్రీ పెట్టండి. అంతకంటే పొడవైన ఫారం ఇస్తే రద్దీ వేళ ఎవరూ నింపరు.

సమస్య: ఒకే కుటుంబం రెండుచోట్ల కనిపిస్తోంది

కారణం: నాన్న ఈమెయిల్‌తో ఒకటి, అమ్మ ఫోన్ నంబరుతో ఇంకొకటి. 60 రావలసిన స్కోరు 30, 30గా చీలిపోయి ఇద్దరూ వెనకబడతారు.

పరిష్కారం: పిల్లల పేరు, పుట్టిన తేదీ పోల్చి రికార్డులు కలపండి. ఇద్దరూ కలిసి ఒకే ఓపెన్ డేకి (కుటుంబాలకు స్కూలు చూపించే రోజు) వచ్చి ఉంటే దాన్ని ఒక్కసారే లెక్కించండి. అన్నాచెల్లెళ్లుంటే స్కోరు కుటుంబానికి, అప్లికేషన్ దశ మాత్రం ఒక్కో బిడ్డకి విడిగా ఉండాలి. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో మాత్రం అడగకుండా కలపకండి. ఒకరి అడ్రసు ఇంకొకరికి చేరే ప్రమాదం ఉంది.

సమస్య: నిరుటి ఎంక్వైరీలు ఇంకా పైనే ఉన్నాయి

పాయింట్లకు గడువు పెట్టలేదన్నమాట. కదలిక లేని ప్రతి నెలా కొంత తగ్గేలా సెట్ చేయండి. రెండేళ్ల తర్వాత చేరతామన్నవాళ్లను మాత్రం ఆ సంవత్సరం లిస్టులోకి మార్చండి.

సమస్య: ఒకే రకం కుటుంబాలే పైకి వస్తున్నాయి

నివాసం ఉండే ఏరియాకో, తల్లిదండ్రుల ఉద్యోగానికో ఎవరో పాయింట్లు పెట్టి ఉంటారు. వెంటనే తీసేయండి. అది ఆసక్తిని కాదు, స్తోమతను కొలుస్తుంది.

మార్పులు పనిచేశాయో లేదో తేల్చుకోవాలంటే, కిందటి ఏడాది ఎంక్వైరీలన్నిటికీ కొత్త లెక్కతో స్కోరు వేయండి. చేరినవాళ్లు మధ్యలోనూ పైనా సమానంగా ఉంటే పాయింట్లు ఇంకా కుదరలేదు. ఒక్కోసారి ఒక్క పనికిచ్చే పాయింట్లే మార్చి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.