అమెరికా యూనివర్సిటీలో ఫండింగ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎలా అడగాలి

ఆగస్టులో దిగి, గది కుదుర్చుకుని, సిమ్ కార్డు, రైస్ కుక్కర్ కొనుక్కున్నాక మన పిల్లలు ఎక్కువమంది చేసే పని ఒకటే: గూగుల్‌లో ‘స్కాలర్‌షిప్స్ ఫర్ ఇండియన్ స్టూడెంట్స్’ అని కొట్టడం. అలా దొరికే జాబితాల్లో చాలావరకు గడువు దాటిపోయినవో, ఇండియాలో ఉండగానే పెట్టుకోవాల్సినవో ఉంటాయి. ఇక్కడ విదేశీ విద్యార్థికి అందే డబ్బులో పెద్ద భాగానికి స్కాలర్‌షిప్ అన్న పేరే ఉండదు. అది ప్రొఫెసర్ల గ్రాంట్లలో, డిపార్ట్‌మెంట్ల బడ్జెట్లలో ఉంటుంది. అందుకే పథకాల పేర్లు పోగుచేయడం ఆపి, ఈ ఏడాది ఎవరి దగ్గర డబ్బు ఉందో కనుక్కోవడం మీద పడండి.

ముందుగా మనకు వర్తించనివి పక్కన పెట్టేద్దాం. అందరి నోటా వినిపించే ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్, పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ) గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ కింద ఏడాదికి 37,000 డాలర్ల చొప్పున మూడేళ్లు స్టైపెండ్ ఇస్తారు. కానీ అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్31 ఫెలోషిప్ కూడా అంతే. రక్షణ శాఖవారి ఎన్‌డీఎస్‌ఈజీ ఫెలోషిప్‌కి గ్రీన్‌కార్డు కూడా చాలదు, పౌరసత్వం కావాలి. బీఎస్ చదివే పిల్లలు ఆశపడే ఆర్‌ఈయూ అనే వేసవి పరిశోధన ప్రోగ్రాములు కూడా చాలావరకు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఏ ప్రకటన చూసినా మొదట ‘ఎలిజిబిలిటీ’ అన్న పేరా చదవండి. వ్యాసం రాసి, రికమండేషన్ లెటర్లు అడిగేశాక ఆ పేరా చూస్తే మీ వారం పోతుంది, లెటర్ రాసిన ప్రొఫెసర్ ఓపికా పోతుంది.

తమాషా ఏమిటంటే, అదే ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బు ప్రొఫెసర్ చేతిమీదుగా మీకు రావడానికి సాధారణంగా ఏ అడ్డూ లేదు. పౌరసత్వ నిబంధన విద్యార్థికి నేరుగా ఇచ్చే ఫెలోషిప్‌కి. ప్రొఫెసర్ పరిశోధనకు వచ్చిన గ్రాంట్‌లోంచి ఆర్‌ఏగా (రీసెర్చ్ అసిస్టెంట్‌గా) ఎవరిని పెట్టుకోవాలన్నది చాలావరకు ఆ ప్రొఫెసర్ ఇష్టం. రక్షణ రంగానికి చెందిన కొన్ని ప్రాజెక్టుల్లో మాత్రం విదేశీయుల్ని తీసుకోరు.

ఆ డబ్బు ఎవరి దగ్గర ఉందో దాచిపెట్టే విషయం కూడా కాదు. ‘ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్’ అనే సైటులో మీ యూనివర్సిటీ పేరు కొడితే ఏ ప్రొఫెసర్‌కు, ఏ అంశం మీద, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎంత వచ్చిందో కనిపిస్తుంది. బయాలజీ, ఫార్మసీ, పబ్లిక్ హెల్త్ వాళ్లకు ‘ఎన్‌ఐహెచ్ రిపోర్టర్’ ఉంది. రెండూ ఉచితం, లాగిన్ అక్కర్లేదు. ఈ మధ్యే మొదలైన గ్రాంట్లు చూడండి. మొదటి ఏడాదిలో ఉన్న ప్రాజెక్టుకు మనుషులు కావాలి. ఆఖరి ఏడాదిలో ఉన్నదానికి ఉన్నవాళ్లను నెట్టుకురావడమే కష్టం. ఎన్‌ఎస్‌ఎఫ్ ‘కెరీర్’ అవార్డు ఎవరికైనా కొత్తగా వచ్చిందంటే ఆ పేరు రాసిపెట్టుకోండి. అది యువ ప్రొఫెసర్లకు ఐదేళ్ల కాలానికి ఇచ్చేది, ఎక్కువ విభాగాల్లో కనీసం 4 లక్షల డాలర్లు. అందులో ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల) కింద యూనివర్సిటీ గట్టిగానే కోసుకుంటుంది, అయినా విద్యార్థుల జీతాలకు మిగులుతుంది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ‘స్టార్టప్ ఫండ్’ (ల్యాబ్ మొదలుపెట్టుకోవడానికి యూనివర్సిటీ ఇచ్చే డబ్బు) కూడా ఉంటుంది. అది ఏ సైటులోనూ కనిపించదు. డిపార్ట్‌మెంట్ పేజీలో కొత్త ముఖాలు ఎవరో చూసుకుంటే చాలు. పెద్ద పేరున్న ప్రొఫెసర్ వెంట నలభైమంది పడుతుంటే, పక్క గదిలో కొత్తాయన విద్యార్థి కోసం ఎదురుచూస్తుంటాడు.

ఒక జాగ్రత్త. 2025లో ఎన్‌ఎస్‌ఎఫ్, ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు చాలా మధ్యలోనే రద్దయ్యాయి, కొన్ని ఆలస్యమయ్యాయి. కాబట్టి సైటులో 2028 వరకు అని ఉంటే చాలదు. మాట్లాడేటప్పుడు ‘ఈ ప్రాజెక్టుకు వచ్చే ఏడాది ఫండింగ్ ఖాయమేనా’ అని మర్యాదగానే అడగండి. ఇక్కడ డబ్బు గురించి అడగడం తప్పుగా చూడరు.

ఇక మెయిల్ సంగతి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి, మన మార్కులన్నీ ఏకరువు పెట్టి, పెళ్లి శుభలేఖల్లా డిపార్ట్‌మెంట్ అంతటికీ ఒకటే పంచితే ఎవరూ పట్టించుకోరు. ప్రొఫెసర్లు లంచ్‌లో ఒకరికొకరు చూపించుకుంటారు కూడా. డాక్టర్ అనో ప్రొఫెసర్ అనో ఇంటిపేరుతో సంబోధించండి. ఆయనదో ఆవిడదో ఈమధ్య వచ్చిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థమైనదీ సందేహం వచ్చినదీ రెండు వాక్యాల్లో రాయండి. మీకు వచ్చిన పని ఒకటి చెప్పి, పదిహేను నిమిషాలు టైమ్ అడగండి. మొత్తం ఎనిమిది పది లైన్లు దాటకూడదు. జవాబు రాకపోతే వారం పదిరోజులకు ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులను కలిసే వేళలకు) వెళ్లి ఎదురుగా అడగండి. మనవాళ్లు మొహమాటపడి ఎక్కువగా వదిలేసేది ఇదే.

ఎమ్మెస్ వాళ్లకు మొదటి సెమిస్టర్‌లోనే ఆర్‌ఏ దొరకడం అరుదు. దానికి దారి సాధారణంగా ఆ ప్రొఫెసర్ కోర్సు తీసుకుని బాగా చేయడం, లేదా ‘ఇండిపెండెంట్ స్టడీ’ పేరుతో క్రెడిట్లకు ఆయన ల్యాబ్‌లో పనిచేయడం. మీ పని చూశాకే జీతం మాట వస్తుంది. ‘ఊరికే చేసిపెడతాను సార్’ అని మాత్రం అనకండి. జీతం ఇవ్వాల్సిన పనిని ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉచితంగా చేయడం వీసాపరంగా చిక్కు తెచ్చిపెట్టవచ్చు. క్రెడిట్ల దారిలో ఆ టెన్షన్ లేదు.

టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పని, ఇచ్చేది డిపార్ట్‌మెంట్. దానికి చాలాచోట్ల విడిగా ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష పెడతారు. టోఫెల్ స్పీకింగ్‌లో తగినంత స్కోరు ఉంటే కొన్నిచోట్ల మినహాయింపు ఇస్తారు. లేకపోతే బోర్డు దగ్గర నిలబెట్టి ఒక చిన్న పాఠం చెప్పమంటారు. మనవాళ్లు ఇక్కడ దెబ్బతినేది భాష రాక కాదు, వేగం వల్ల. నెమ్మదిగా, వాక్యం పూర్తిచేసి ఆగుతూ మాట్లాడటం ముందే అలవాటు చేసుకోండి.

సొంత డిపార్ట్‌మెంట్‌లో దొరక్కపోతే గోడ దాటి చూడండి. అగ్రికల్చర్ వాళ్లకు కోడ్ రాసేవాళ్లు కావాలి, నర్సింగ్ వాళ్లకు స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు కావాలి, లైబ్రరీకి, ఐటీ హెల్ప్‌డెస్క్‌కి, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి జీఏలు (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు) కావాలి. వీటి ప్రకటనలు ‘హ్యాండ్‌షేక్’ అనే ఉద్యోగాల సైటులోనో, యూనివర్సిటీ హెచ్‌ఆర్ పేజీలోనో పడతాయి. కంప్యూటర్ సైన్స్ పిల్లలంతా ఒకే బిల్డింగ్ చుట్టూ తిరుగుతుంటారు కాబట్టి ఈ పోస్టులకు పోటీ కాస్త తక్కువ. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో మొత్తం పని వారానికి 20 గంటలు దాటకూడదు. ఇరవై గంటల టీఏ ఉన్నాక కెఫెటీరియాలో ఇంకో ఐదు గంటలు అంటే కుదరదు. బయట పెట్రోల్ బంకుల్లో, రెస్టారెంట్లలో నగదుకు చేసే పని గురించి సీనియర్లు ఏం చెప్పినా వినకండి, వీసాకే ఎసరు.

ఆఫర్ లెటర్ వచ్చాక సంబరపడే ముందు కొన్ని అడిగి తెలుసుకోండి. జీతం తొమ్మిది నెలలకా, పన్నెండుకా? తొమ్మిదైతే వేసవి ఖర్చు మీరే చూసుకోవాలి. ట్యూషన్ వేవర్ (చదువు ఫీజు మాఫీ) పూర్తిగానా, సగమేనా? పూర్తిగా అన్నా ‘ఫీజులు’ విడిగా ఉంటాయి, సెమిస్టర్‌కు అవి వందల డాలర్లు దాటి వెయ్యికీ పోవచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? ప్రతి సెమిస్టర్ రెన్యూ కావడానికి జీపీఏ ఎంత ఉండాలి? మొదటి జీతం చేతికి వచ్చేసరికి సెప్టెంబరు చివరో అక్టోబరో అవుతుంది కాబట్టి రెండు నెలల ఖర్చు దగ్గర ఉంచుకోండి.

టెక్సస్‌లో చేరినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట, అక్కడ మనవాళ్లు ఎక్కువ కనుక. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే, విదేశీ విద్యార్థికి కూడా నాన్‌రెసిడెంట్ (బయటివాళ్ల) ఫీజు తీసేసి ఇన్‌స్టేట్ (ఆ రాష్ట్రంవాళ్లు కట్టే తక్కువ) ఫీజు వేయవచ్చు. ఆ వెయ్యి కన్నా ఫీజులో తగ్గేది చాలా రెట్లు ఎక్కువ. ఎంతమందికి ఇవ్వాలన్నదానికి పరిమితి ఉంది, యూనివర్సిటీ ఒప్పుకోవాలి, అందువల్ల డిపార్ట్‌మెంట్ స్కాలర్‌షిప్ ఫారం వచ్చిన రోజే నింపండి. డిగ్రీకి సంబంధించిన పనిలో సగం టైమ్ టీఏ, ఆర్‌ఏ చేసేవాళ్లకు కూడా అక్కడ ఇన్‌స్టేట్ ఫీజు నిబంధన ఉంది.

పౌరసత్వం అడగని బయటి ఫెలోషిప్‌లు తక్కువే అయినా లేకపోలేదు. గుండె, రక్తనాళాల జబ్బుల మీద పనిచేసే పీహెచ్‌డీ వాళ్లు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రీడాక్టొరల్ ఫెలోషిప్‌కి ఎఫ్-1 మీద అప్లై చేయవచ్చు. ఇతర దేశాల నుంచి వచ్చి పీజీ చదివే అమ్మాయిలకు పీఈఓ ఇంటర్నేషనల్ పీస్ స్కాలర్‌షిప్, సైన్సు, ఇంజినీరింగ్ పరిశోధన చేసే అమ్మాయిలకు ‘ఫ్యాకల్టీ ఫర్ ద ఫ్యూచర్’ ఉన్నాయి. ప్రయోగానికి చిన్న మొత్తం కావాలంటే సిగ్మా సై అనే పరిశోధకుల సంఘం ఇచ్చే గ్రాంట్లు చూడండి, సాధారణంగా 1,000 డాలర్ల వరకు. పోస్ట్‌డాక్‌కి వెళ్లాక ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే99 గ్రాంట్‌కి పౌరసత్వం అక్కర్లేదు. యూసీఎల్ఏ నడిపే ‘గ్రేప్స్’ అనే ఫెలోషిప్‌ల డేటాబేస్ బయటివాళ్లూ చూడవచ్చు. మీ గ్రాడ్యుయేట్ స్కూల్ ఇచ్చే ట్రావెల్ గ్రాంటు, థీసిస్ చివరి ఏడాది ఫెలోషిప్ లాంటి వాటికి పౌరసత్వం పేచీ సాధారణంగా ఉండదు. చాలామంది అసలు అప్లై చేయరు, అదే బాధ.

తెలంగాణ అంబేద్కర్ విదేశీ విద్యానిధి లాంటివి మంజూరై వచ్చినవాళ్లు ఐ-94 (అమెరికాలో దిగిన రికార్డు) ప్రింటు, మొదటి సెమిస్టర్ మార్కులు జాగ్రత్తగా ఉంచుకోండి. వాయిదాల డబ్బు విడుదల కావడానికి అవే అడుగుతారు.

డబ్బు రావడం మొదలయ్యాక పన్ను ఉంటుంది. జీతానికి డబ్ల్యూ-2, ఫెలోషిప్‌కి సాధారణంగా 1042-ఎస్ అనే ఫారాలు వస్తాయి. ట్యూషన్‌కు పోయిన భాగం మీద పన్ను పడదు, చేతికిచ్చే ఫెలోషిప్ మీద 14 శాతం పట్టుకుంటారు. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత 7.65 శాతం మీకు పడకూడదు. పేస్లిప్‌లో కనిపిస్తే పేరోల్‌కి చెప్పండి. పన్ను రిటర్నుగా ఫైల్ చేసేది 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ ఫారం), రూమ్‌మేట్ చెప్పాడని రెసిడెంట్ ఫారం వాడకండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని స్థిర మొత్తం) దొరుకుతుంది. సంపాదన సున్నా అయినా 8843 ఫారం పంపాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానో, వీసాలో పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనో ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో), సోషల్ సెక్యూరిటీ కార్డులో, పేరోల్‌లో పేరు ఒకేలా ఉందో లేదో మొదటి నెలలోనే చూసుకోండి.

చివరిగా, మీ యూనివర్సిటీ మెయిల్‌కే ఒక ప్రొఫెసర్ పేరుతో ‘ఇంటి నుంచే చేసే ఆర్‌ఏ, వారానికి ఇన్ని వందల డాలర్లు’ అని సందేశం వస్తుంది. ఇంటర్వ్యూ ఉండదు, ఫోన్ నంబర్ అడుగుతారు, తర్వాత ఒక చెక్కు పంపి, బ్యాంకులో వేసి అందులోంచి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమంటారు. కొన్నాళ్లకు ఆ చెక్కు చెల్లదని తేలుతుంది, బ్యాంకు ఆ మొత్తం మీ దగ్గరే వసూలు చేస్తుంది. నిజమైన ఆర్‌ఏకి హెచ్‌ఆర్ నుంచి ఆఫర్ లెటర్ వస్తుంది. అనుమానం వస్తే జవాబివ్వకుండా ఆ ప్రొఫెసర్ గది తలుపు తట్టి అడగండి.