వినాయక చవితికి పత్రిని సేకరించి పూజించే విధానం

భాద్రపద శుద్ధ చవితినాడు జరిగే వినాయక పూజలో, తక్కిన పండుగలలో పూలకు దక్కే స్థానం ఆకులకు దక్కుతుంది. 21 రకాల పత్రాలతో చేసే ఏకవింశతి పత్రపూజ ఈ వ్రతానికి ప్రాణం వంటిది. అయినా చాలా ఇళ్లలో అంగడి నుంచి తెచ్చిన కట్టను విప్పి, ఏ నామానికి ఏ ఆకో చూడకుండా చేతికి అందినది అందినట్లు వేయడమే కనిపిస్తుంది. పండుగకు రెండు మూడు రోజుల ముందు కొద్దిగా శ్రద్ధ పెడితే ఈ లోపం తీరుతుంది.

ముందుగా ఆకుల పేర్లను తెలుగులో రాసుకోవాలి. మంత్రంలో బిల్వమన్నది మారేడు, దూర్వాయుగ్మమన్నది జంట గరిక, దత్తూరం ఉమ్మెత్త, బదరి రేగు, అపామార్గం ఉత్తరేణి, చూతం మామిడి, కరవీరం గన్నేరు, దాడిమి దానిమ్మ, సింధువారం వావిలి, శమి జమ్మి, అశ్వత్థం రావి, అర్జునం మద్ది, అర్కం జిల్లేడు, బృహతి వాకుడు. మాచి, తులసి, విష్ణుక్రాంతం, మరువం, జాజి, దేవదారు, గండకీ పత్రాలతో 21 పూర్తవుతాయి. వీటిలో గండకీ పత్రం ఏ మొక్కదన్న విషయంలో వాడుక ఒక్కటిగా లేదు. దేవదారు హిమాలయ ప్రాంతపు వృక్షం. దొరకని పత్రానికి బదులుగా అక్షతలు సమర్పించడం ఆచారంలో ఉన్నదే కనుక, పేరు తెలియని ఆకును వేయడం కంటె అదే మేలు.

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉపకరిస్తాయి. మారేడు ఆకు మూడు రేకులుగా ఉంటుంది. వాకుడు ఆకు మీదనే ముళ్లుంటాయి. రేగు ఆకు అడుగుభాగం తెల్లగా నూగుతో ఉంటుంది. ఉత్తరేణి వెన్ను దుస్తులకు అంటుకొని తానే పట్టిస్తుంది. పిల్లలను వెంట తీసుకువెళ్లి ఈ ఆకులను చూపించడం మంచిదే గాని, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషపూరితమైనవని వారికి ముందే చెప్పాలి. జిల్లేడు పాలు కంటికి తగిలితే ప్రమాదం కాబట్టి ఆ ఆకులను పెద్దలే కోసి, వెంటనే చేతులు కడుక్కోవాలి. ఒక్కొక్క రకానికి ఒకటి రెండు ఆకులు చాలు. కొమ్మలు విరవడం పూజకు అవసరం లేని పని.

గరికను మాత్రం సమృద్ధిగా ఉంచుకోవాలి. అనలాసురుడనే అగ్నిరూపుడైన రాక్షసుని మింగిన గణపతికి కలిగిన తాపం, మునులు సమర్పించిన 21 గరికపోచలతో శమించిందని కథ. తులసిని వినాయకునికి మిగిలిన రోజులలో సమర్పించరు. ఈ ఒక్కనాటి పత్రపూజకే అది మినహాయింపు.

పూజకు మధ్యాహ్న కాలంలో చవితి ఉన్న రోజును ఎంచుకుంటారు. పీఠంపై మట్టి ప్రతిమను ఉంచి, పైన పాలవెల్లిని కట్టి, మామిడాకులతోను వెలగ, మొక్కజొన్న వంటి కాయలతోను అలంకరించాలి. మొదట పసుపు గణపతిని పూజించి, తరువాత ప్రతిమకు ప్రాణప్రతిష్ఠ, షోడశోపచారాలు జరపాలి. పత్రపూజ వంతు వచ్చినప్పుడు ఒకరు నామం చదువుతూ ఉంటే, మరొకరు ముందే వరుసగా పేర్చుకున్న పళ్లెం నుంచి ఆకు అందించాలి: ‘సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి’, ‘గణాధిపాయ నమః, బృహతీపత్రం పూజయామి’, ఇలా చివరి వరకు. తొందరపడకుండా చదివితే పిల్లలకు ఆకుతోపాటు పేరు కూడా మనసుకు పడుతుంది.

నైవేద్యానికి ఉండ్రాళ్లు, కుడుములు తప్పనిసరి. ఒక గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీరు మరిగించి, నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు, కాస్త నెయ్యి వేసి, రవ్వ పోసి సన్నని సెగపై ఉడికించి, చల్లారాక ఉండలు చుట్టి ఆవిరిపై పది నిమిషాలు ఉంచితే ఉండ్రాళ్లు సిద్ధమవుతాయి. ఆ పిదప చేతిలో అక్షతలు పట్టుకొని శమంతకోపాఖ్యానం వినాలి. చవితి చంద్రుని చూసిన కారణంగా శ్రీకృష్ణునంతటి వానికే శమంతకమణిని అపహరించాడన్న నింద వచ్చిందని, జాంబవంతునితో పోరాడి మణిని తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించి ఆ నింద పోగొట్టుకున్నాడని కథ సాగుతుంది. కథ ముగిశాక అక్షతలను శిరస్సుపై వేసుకుంటారు.

ఉద్వాసన చెప్పాక ప్రతిమపైనున్న వస్త్రం, దారాలు తీసివేసి బకెట్ నీటిలో నిమజ్జనం చేయవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ప్రతిమకు ఈ సౌలభ్యం లేదు. అది మట్టిలా కరగదు. విషపు ఆకులను పశువులకు అందకుండా వేరుగా గోతిలో పూడ్చి, మిగిలిన పత్రిని ఎరువు గుంటలో వేయాలి. కరిగిన మట్టిని కుండీలో పోసి మరువం నాటుకుంటే, వచ్చే చవితికి ఒక పత్రమైనా ఇంట్లోనే దొరుకుతుంది.