పాత కారు ఇంజిన్‌లో చెడిపోకముందే మార్చవలసిన భాగాలు

పాత కారు దారి మధ్యలో ఆగిపోయినప్పుడు చాలామంది ఇంజిన్ అరిగిపోయిందనే అనుకుంటారు. నిజానికి వేళకు ఆయిల్ మార్చిన ఇంజిన్‌లో ఇనుము, ఉక్కు భాగాలు అంత సులభంగా అరగవు. ముందుగా లొంగిపోయేవి దాని చుట్టూ అమర్చిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడం వల్ల రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. వీటిలో కొన్ని పాడైతే కారు ఆగిపోవడంతో సరిపోతుంది. కొన్ని మాత్రం ఇంజిన్‌నే దెబ్బతీస్తాయి. కనుక ఏది ముందు మార్చాలో తేల్చుకోవడానికి ప్రతి భాగం విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది పాడైతే నష్టం ఎంతవరకు పోతుంది, పాడయ్యే ముందు ఏదైనా సూచన ఇస్తుందా? ఏ సూచనా ఇవ్వకుండా ఇంజిన్‌ను దెబ్బతీసేదే వరుసలో మొదటిది, అది పైకి ఎంత బాగా కనిపిస్తున్నా సరే.

పని మొదలుపెట్టే ముందు కారు సర్వీసు రికార్డులను, తయారీదారు ఇచ్చిన పుస్తకాన్ని దగ్గర పెట్టుకోవాలి. అందులో గడువు కిలోమీటర్లలోనూ ఏళ్లలోనూ ఉంటే, రెండింటిలో ఏది ముందు వస్తే అదే లెక్క. తక్కువ తిరిగిన కారుకు భయం లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే కదలకుండా షెడ్డులో ఉన్న కారులో కూడా రబ్బరుకు వయసు మీద పడుతూనే ఉంటుంది. ఒక భాగాన్ని ఎప్పుడు మార్చారో తెలిపే ఆధారం లేకపోతే, పాత యజమాని మాట ఎలా ఉన్నా, దాన్ని ఎన్నడూ మార్చలేదనే భావించాలి.

అన్నిటికంటే ముందు చూడవలసినది టైమింగ్ బెల్ట్. పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలా ఆ రెండింటినీ కలిపి ఉంచేది ఇదే. చాలా ఇంజిన్లలో పూర్తిగా తెరుచుకున్న వాల్వూ పైకి వచ్చిన పిస్టనూ ఒకే చోటును పంచుకుంటాయి. వేళ తప్పకపోవడం వల్లనే అవి ఢీకొనకుండా ఉంటాయి. అటువంటి ఇంజిన్ నడుస్తుండగా బెల్ట్ తెగితే క్షణంలో వాల్వులు వంగిపోతాయి, ఒక్కోసారి పిస్టన్లు కూడా దెబ్బతింటాయి. గడువు మోడల్‌ను బట్టి మారుతుంది; సాధారణంగా 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య, లేదా 5 నుంచి 10 ఏళ్ల మధ్య ఉంటుంది. బెల్ట్ మీద పగుళ్లు లేవు కదా అని గడువు దాటించడం ప్రమాదకరం, ఎందుకంటే లోపలి దారాలు బలహీనపడినా పైకి తెలియదు.

బెల్ట్‌ను ఒంటరిగా మార్చకూడదు. దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్‌నూ, దారి చూపే ఐడ్లర్ పుల్లీలనూ కూడా అప్పుడే మార్చాలి, ఎందుకంటే వాటి బేరింగ్ బిగుసుకుపోతే కొత్త బెల్ట్ కూడా తెగుతుంది. కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, ప్రవహింపజేసే వాటర్ పంప్‌ను ఇదే బెల్ట్ తిప్పుతుంటే దాన్నీ, అక్కడి ఆయిల్ సీళ్లనూ మార్చడం మంచిది; ఇక్కడ ఎక్కువ ఖర్చు భాగాలది కాదు, అక్కడిదాకా విప్పే కూలిది. కొత్త బెల్ట్ వేసి, టెన్షన్ సరిచేశాక, స్టార్టర్ జోలికి పోకుండా క్రాంక్‌షాఫ్ట్‌ను పానాతో, ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, పుల్లీల మీది టైమింగ్ గుర్తులన్నీ మళ్లీ సరిగ్గా కలిశాయో లేదో చూడాలి. తిరుగుతుండగా ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం ప్రయోగించకుండా ఆగిపోవాలి. ఈ పని ఇంతకుముందు చేయనివారు అనుభవం ఉన్న మెకానిక్‌కు అప్పగించడమే సరైనదని నా అభిప్రాయం.

బెల్ట్‌కు బదులు చైన్ ఉన్న ఇంజిన్లకు సాధారణంగా గడువు చెప్పరు. అయినా చైన్‌ను నడిపించే ప్లాస్టిక్ గైడ్లూ, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనరూ అరుగుతాయి. చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలు గలగలమనే శబ్దం వస్తుంటే వాయిదా వేయకుండా చూపించాలి.

తరువాతి స్థానం కూలింగ్ వ్యవస్థది. సూచనలు ఇస్తుంది కాబట్టి దీన్ని రెండో స్థానంలో పెట్టాను కానీ, ఆ సూచనలను గమనించకపోతే నష్టం మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. మితిమీరి వేడెక్కితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోతుంది, దాని కింద సీల్‌లా ఉండే హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది. టెంపరేచర్ మీటర్‌ను నమ్ముకుంటే చాలదు. చాలా కార్లలో దాని ముల్లు, ఉష్ణోగ్రత కొంత పెరిగినా తగ్గినా, మధ్యలోనే నిలిచి ఉండేలా అమర్చి ఉంటుంది. పైగా కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌కు తడి తగలక తప్పుడు లెక్క చూపవచ్చు.

ఇక్కడ నేనైతే విడివిడిగా కాకుండా ఒకేసారి మార్చమంటాను: రేడియేటర్ పైగొట్టం, కిందిగొట్టం, హీటర్ గొట్టాలు, వాటి క్లాంపులు, వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్, వేడికి వ్యాకోచించిన కూలెంట్ చేరే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, దాని మూత. గొట్టాన్ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూస్తే, చివరల దగ్గర మెత్తగా ఉబ్బినట్టు ఉన్నా, ఎండుకొమ్మలా గట్టిగా ఉన్నా దాని పని అయిపోయినట్టే. రేడియేటర్ చివరల్లో దానికే అతికి ఉండే ప్లాస్టిక్ ట్యాంకు రంగు మారి, అతుకు వెంట తెల్లటి లేదా రంగు మరకలు కనిపిస్తే రేడియేటర్‌నే మార్చాలి. వాటర్ పంప్ మీద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ పాడయినప్పుడు కూలెంట్ అక్కడి నుంచే కారుతుంది కనుక ఆ చోట మరకలు కనిపించడమే మనకు దొరికే హెచ్చరిక. మూతను చిన్న వస్తువని వదిలేయకూడదు. నీరు మామూలుగా 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగితే, అదనంగా ఒక బార్ ఒత్తిడి ఉన్నప్పుడు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. ఆ ఒత్తిడిని నిలిపి ఉంచేది మూతలోని స్ప్రింగే. ఇంజిన్ వేడిగా ఉండగా ఆ మూతను ఏ పరిస్థితిలోనూ తెరవకూడదు, ఒత్తిడి తగ్గిన క్షణంలోనే మరిగే ద్రవం ముఖం మీదకు చిమ్ముతుంది.

కూలెంట్‌ను తయారీదారు చెప్పిన రకంలోనే, ఖనిజాలు తొలగించిన నీటితో కలిపి పోయాలి. రంగు ఒకటే కదా అని రెండు రకాలను కలపకూడదు, రంగుకు ప్రామాణికత లేదు. నింపాక గాలి బయటకు పోయేదాకా, ఆ కారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో, ఇంజిన్‌ను నడపాలి. లోపల చిక్కుకున్న గాలి వల్ల కొత్త భాగాలతో కూడా ఇంజిన్ వేడెక్కుతుంది.

బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పే బయటి బెల్ట్ తెగితే చాలా కార్లలో చార్జింగ్‌తో పాటు పవర్ స్టీరింగ్, కొన్నిటిలో వాటర్ పంప్ కూడా ఆగిపోతాయి. ఈ మధ్యకాలపు బెల్టులు పగుళ్లు చూపకుండానే అరుగుతాయి కాబట్టి గాడుల లోతు చూడాలి. బెల్ట్ తీసినప్పుడు పుల్లీలను చేత్తో తిప్పి, గరగరమనేదాన్ని మార్చాలి.

ఇంజిన్‌కు హాని చేయకుండా కారును మాత్రం ఆపేవి కొన్ని ఉన్నాయి. క్రాంక్‌షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ పొజిషన్ సెన్సర్ పాడవుతున్నప్పుడు తరచుగా వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. అందువల్ల వేడి మీద ఆగిపోయి అరగంట తరువాత స్టార్ట్ అయ్యే కారులో ముందు అనుమానించవలసిన వాటిలో ఇదొకటి. స్పార్క్ ప్లగ్గులు అరిగి గ్యాప్ పెరిగేకొద్దీ వాటికి హై వోల్టేజ్ అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద భారం పెరుగుతుంది. సకాలంలో ప్లగ్గులు మార్చితే కాయిల్ కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. ట్యాంకులోని ఫ్యూయల్ పంపును చల్లబరిచేది పెట్రోలే కనుక ట్యాంకును తరచుగా అడుగంటనివ్వకూడదు. ఇంజిన్ లోపలి వాయువులను బయటకు పంపే పీసీవీ వాల్వు చవకైనది, కానీ అది మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల నుంచి ఆయిల్ కారుతుంది. కారుతున్న సీల్‌ను మార్చే ముందు దీన్ని మార్చి చూడాలి.

కొనే భాగాల నాణ్యతలో రాజీపడకూడదు. బాగా పనిచేస్తున్న పాత అసలు భాగాన్ని తీసి నాసిరకం కొత్తది పెట్టడం కారుకు అపకారమే. అలాగే సంబంధం లేని పనులన్నీ ఒకే రోజు చేయకూడదు. ఒక వ్యవస్థను పూర్తి చేసి, కొన్ని రోజులు నడిపి, లోపం ఏదీ లేదని తేలాకే మరొకటి విప్పాలి. అలా చేస్తే కొత్త శబ్దం వచ్చినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. కూలింగ్ పని చేసిన మరునాడు ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండగా, కూలెంట్ మట్టం చూసి తగ్గితే నింపాలి. కారు కింద అట్టముక్క పరిచి ఉంచితే చుక్క ఎక్కడ పడిందో కనిపిస్తుంది.

మార్చిన తేదీని, కిలోమీటర్లను, భాగం నంబరును అదే రోజు రాసి పెట్టుకోవాలి. తీసిన బయటి బెల్ట్ ఇంకా వాడదగినదిగా ఉంటే, దాన్ని విప్పడానికి కావలసిన పానాతో కలిపి డిక్కీలో ఉంచుకోవచ్చు. టైమింగ్ బెల్ట్‌ను మాత్రం, ఎంత కొత్తగా కనిపించినా, మరెవరూ వాడకుండా కోసి పారవేయాలి.