విశాఖకైనా అండమాన్‌కైనా: స్కూబా సిలిండర్‌లో ఏ మిశ్రమం ఎంచుకోవాలి?

స్కూబా సిలిండర్‌లో సాధారణంగా ఉండేది స్వచ్ఛమైన ఆక్సిజన్ కాదు, ఒత్తిడితో నింపిన మామూలు గాలి. ఆటోనగర్ వెల్డింగ్ షాపుల్లో వాడే స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ దిగితే 6 మీటర్లు దాటగానే ప్రాణాపాయం.

రుషికొండ దగ్గర 10–12 మీటర్లు దిగి వచ్చేవారికి గాలి చాలు. నైట్రాక్స్‌కు (ఆక్సిజన్ శాతం పెంచి, నైట్రోజన్ తగ్గించిన గాలికి) అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. 18 మీటర్ల తొలి డైవ్‌లోనూ అంతే: ఒంట్లో నైట్రోజన్ ప్రమాదకరంగా పేరుకోకుండా గాలితోనే దాదాపు 55 నిమిషాలు ఉండొచ్చు, కొత్తవారి సిలిండర్ అంతకంటే ముందే 50 బార్‌కు (ఇక పైకి రావాల్సిన ఒత్తిడికి) వచ్చేస్తుంది. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో) రోజూ మూడేసి డైవ్‌లు, 20–30 మీటర్ల లోతు అయితే నైట్రాక్స్ నిజంగా పనికొస్తుంది. 32 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్‌తో 30 మీటర్ల దగ్గర ఒంట్లో చేరే నైట్రోజన్, గాలితో 24 మీటర్ల దగ్గర చేరేదానితో సమానం. దీనికి విడిగా కోర్సు చేసి ఉండాలి.

లోతు పరిమితి లెక్క ఇలా కట్టాలి. 1.4ను (పీల్చే ఆక్సిజన్ ఒత్తిడికి బార్‌లలో గరిష్ఠ పరిమితి) ఆక్సిజన్ వంతుతో (32 శాతమైతే 0.32) భాగించి, ఒకటి తీసేసి, పదితో గుణించండి. 32 శాతానికి 33.75 వస్తుంది, 33గానే తీసుకోండి. 36 శాతానికి 28. ఈ గీత దాటితే ముందస్తు సూచన లేకుండానే మూర్ఛ రావచ్చు. నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని అందించే పరికరం) జారితే మునిగిపోతారు. అందుకే మీరు అనుకున్న లోతును కాదు, పొరపాటున జారితే చేరగల లోతును చూడండి. 24 మీటర్లకే ఇసుక తగిలే చోట 36 సరే. కింద అగాధం ఉంటే 32 తీసుకోండి, 33 మీటర్లు దాటే డైవ్‌కు గాలే మేలు. నైట్రాక్స్ ఇంకా లోతుకు వెళ్లడానికి కాదు, లోతులో కమ్మే మత్తునూ అది తగ్గించదు.

సిలిండర్ మీది స్టిక్కర్‌ను నమ్మకండి, మీరే కొలవండి. ఎనలైజర్‌ను (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరాన్ని) ముందుగా బయటి గాలిలో 20.9కి సరిచేయండి. వాల్వ్ కొద్దిగా తెరిచి, అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. వాల్వ్ బాగా తెరిస్తే ధార వేగానికి అంకె తప్పొస్తుంది. సెన్సర్ పాతబడినా అంతే, గాలిలోనే 20.9 చూపకపోతే వేరేది అడగండి. కొలతకూ అడిగిన శాతానికీ తేడా ఒకటి మించితే ఆ సిలిండర్ వద్దు. శాతం, గరిష్ఠ లోతు, తేదీ, మీ పేరు టేపు మీద రాసి అంటించి, డైవ్ కంప్యూటర్‌లోనూ (లోతు, సమయం లెక్కగట్టి హెచ్చరించే పరికరంలోనూ) అదే శాతం పెట్టండి. కంప్యూటర్ 21 దగ్గరే ఉండిపోతే లోతు పరిమితి దాటినా హెచ్చరించదు.

నైట్రాక్స్ వాడినా విమానం ఎక్కే ముందు విరామం తగ్గదు: ఒక్క డైవ్ అయితే 12 గంటలు, వరుస డైవ్‌లయితే 18. విశాఖ టూర్‌లో అరకు కూడా ఉంటే ముందు అరకు చూసి రండి, డైవ్ తర్వాత పెట్టుకోండి. సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఘాట్ రోడ్డులో వెళ్లినా ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు.